మంచు తుపానులో మామ్మ ఆటలు

2011 అక్టోబరు 29, శనివారం. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో చెట్ల ఆకులు ఇంకా పూర్తిగా రాలలేదు. ఎరుపూ పసుపూ కలిసి కొమ్మల నిండా ఉన్న ఆ ఆకుల మీద, మామూలుగా డిసెంబరు వస్తేగాని పడనంత మంచు ఆ మధ్యాహ్నం మొదలై రాత్రంతా కురిసింది. చలి బాగా ముదిరాక పడే పొడిమంచు కొమ్మల మీద నిలవక జారిపోతుంది. ఇది నీరు నిండిన తడిమంచు కావడం వల్ల ప్రతి ఆకునూ పట్టుకుని పేరుకుంది. బ్రాడ్లీ విమానాశ్రయం దగ్గర 12 అంగుళాలు దాటింది. ఆ బరువుకు ఓక్ చెట్లు, మేపుల్ చెట్లు కొమ్మలు విరిగి, కొన్నిచోట్ల మొదలంటా కూలి, కరెంటు తీగల మీద పడ్డాయి. రాష్ట్రంలో 8 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అందరి ఇళ్ళకూ అది తిరిగి వచ్చేసరికి నవంబరులో వారం గడిచిపోయింది. మేముండే సింస్‌బరీ, పక్కనున్న ఏవన్ ఊళ్ళు అందరికంటే ఆఖరున కరెంటు వచ్చినవాటిలో ఉన్నాయి.

అప్పటికి మా పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు ఐదేళ్ళు. అమలాపురం దగ్గర పల్లెటూరి నుంచి మా అత్తయ్యగారు జూన్ నెలలో వచ్చి మాతోనే ఉన్నారు. పిల్లలకు మామ్మ అంటే ప్రేమే గాని, ఆ ప్రేమకు రోజులో చోటు దొరికేది కాదు. బడి, బడి తరువాత ఈత, పియానో, ఇంటికి వస్తే టీవీ, దాని తరువాత కంప్యూటరు, అంతకు ముందు ఏడాదే కొన్న ఐప్యాడ్. ఆవిడ తెలుగులో అడిగితే వాళ్ళు ఇంగ్లీషులో జవాబు చెప్పి, తలైనా తిప్పకుండా తెర వైపే చూసేవాళ్ళు. ఆవిడ ఏనాడూ ఒక్క మాట అనలేదు. బస్సు వచ్చే వేళకు కిటికీ దగ్గర కూర్చుని, వాళ్ళు దిగగానే ఏదో ఒకటి చేతిలో పెట్టి, మళ్ళీ తన కుర్చీలోకి వెళ్ళిపోయేవారు. నలభై ఏళ్ళు ఒక పెద్ద కుటుంబాన్ని నడిపిన మనిషి మా ఇంట్లో చుట్టంగా మిగిలిపోవడం నాకు లోలోపల బాధగా ఉండేది. అందువల్లనే ఆ తుపాను రోజులను నేను ఇంత ఇష్టంగా గుర్తుచేసుకుంటాను.

దీపావళి బుధవారం వెళ్ళింది. నాగుల చవితి సరిగ్గా ఆ శని, ఆదివారాల్లో పడింది. మా ఊళ్ళో పుట్ట ఎక్కడ దొరుకుతుందని, అత్తయ్య తాను తెచ్చుకున్న చిన్న వెండి నాగప్రతిమకే పాలు పోశారు. ఆ రోజు నైవేద్యానికి పొయ్యితో పని ఉండదు. నువ్వులూ బెల్లమూ కలిపి దంచితే చిమ్మిలి, నానిన బియ్యం దంచి బెల్లం కలిపితే చలిమిడి, నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు. వంటింట్లో రాతి కల్వంలో ఆవిడ చిమ్మిలి దంచుతుండగానే దీపాలు ఒకసారి మిణుకుమని ఆరిపోయాయి. ఆవిడ దంచడం ఆపలేదు. హాల్లో టీవీ ముందున్న పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టి వంటింట్లోకి పరుగెత్తుకొచ్చారు. చీకట్లో వాళ్ళ చేతుల్లో చెరొక చిమ్మిలి ఉండ పెట్టి, "కాసేపు ఇక్కడే కూర్చోండి, దీపం పెడతాను" అన్నారు. కార్తీకమాసం కాబట్టి ప్రమిదలు, వత్తులు, నూనె ఆవిడ చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి. మేము టార్చిలైటు వెతుక్కునే లోపలే వంటింట్లో దీపం వెలిగింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. బయట చెట్లు ఒకదాని తరువాత ఒకటి విరుగుతున్న చప్పుడు, ఆ వెంటనే కొమ్మ నేలమీద పడిన అదురు. ప్రతి చప్పుడుకూ బాబు ఉలిక్కిపడి నన్ను కరచుకుపోతున్నాడు. అత్తయ్య వాణ్ణి తన దుప్పట్లోకి లాక్కుని, "కొబ్బరిచెట్టు విరిగితే ఇంతకన్నా గట్టిగా వినపడుతుందిరా నాన్నా, నేను విన్నాను" అని మొదలుపెట్టారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను సంగతి అది. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరిచెట్లు లక్షల్లో నేలకూలాయి. అత్తయ్య పిల్లలకు చావుల గురించి చెప్పలేదు. ఇంటి పెంకులు ఎగిరిపోతుంటే పిల్లలందరినీ వంటగది మూలకు చేర్చి, ఒక్కొక్కరి చేత తమ ఊళ్ళోని ఇళ్ళ పేర్లు వరసగా చెప్పించిన సంగతి చెప్పారు. ఒక ఇల్లు మరిచిపోయినవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చెప్పాలట. తెల్లవారేసరికి పిల్లలకు ఊరంతా నోటికి వచ్చేసిందట. ఆ తరువాత వారాల తరబడి వాళ్ళ ఊరికి కరెంటు లేదు. ఇంటినిండా పిల్లలు, బయటంతా పడిపోయిన చెట్లు, తెగిన తీగలు. పదిహేనేళ్ళ క్రితం ఆవిడ ఆ రోజులను దాటించారు కాబట్టి మా ఇంట్లో ఏం చేయాలో ఆవిడకు తెలుసు. పాప ఇంగ్లీషులో మా వీధిలోని ఇళ్ళను వరసగా చెప్పడం మొదలుపెట్టింది. మూడో ఇంటికే ఆగిపోయింది. పక్కింటివాళ్ళ పేరు మాకెవరికీ సరిగా తెలియదని ఆ రాత్రి బయటపడింది.

తెల్లవారి చూస్తే మా వీధికి అడ్డంగా రెండు చెట్లు పడి ఉన్నాయి, వాటి మధ్య తీగలు వేలాడుతున్నాయి. మంచు పడిన ఉదయం పిల్లలకు పండుగ. మంచు మీద జారే చెక్క పట్టుకుని గుట్టల మీదికి పరుగెత్తుతారు. ఆ రోజు అలా పంపడానికి వీల్లేదు. మంచు కింద ఏ తీగ ఉందో, ఏ కొమ్మ ఎప్పుడు విరిగి నెత్తిన పడుతుందో తెలియదు. బడులు మూసేశారు. ఐప్యాడ్ మధ్యాహ్నానికి ఆరిపోయింది. ఫోన్లను కారులో ఛార్జి చేసి, పెద్దవాళ్ళ అవసరాలకు మాత్రమే దాచుకున్నాం. హీటరుకు కూడా కరెంటే ఆధారం. హాల్లో గోడలో కట్టిన కట్టెల నెగడి (ఫైర్‌ప్లేస్) ఉండటం మా అదృష్టం. ఇక్కడొక మాట చెప్పి తీరాలి. ఆ వారంలో బొగ్గుల పొయ్యినో జనరేటరునో ఇంటి లోపల, గరాజులో పెట్టుకుని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు మా రాష్ట్రంలో ఉన్నారు. మేము వంటంతా వెనక డెక్ మీద, మంచులో నిలబడి గ్యాసు గ్రిల్ మీదే చేశాం. పిల్లలను ఎంత చక్కగా ఆడించినా ఈ జాగ్రత్త లేకపోతే అంతా వృథా.

ఆదివారం మధ్యాహ్నం పాప "నాకు తోచడం లేదు" అని నేలమీద దొర్లడం మొదలుపెట్టింది. నేనైతే వెంటనే రంగుల పెన్సిళ్ళు ఇచ్చేదాన్ని. అత్తయ్య కాసేపు దొర్లనిచ్చారు. తరువాత నన్ను పిలిచి, "అమ్మాయ్, మీ ఇంట్లో గింజలున్న చింతపండు ఉందా?" అని అడిగారు. ఇండియన్ స్టోరులో కొన్న ముద్దలోంచి ఏరితే చారెడు చింతగింజలు దొరికాయి. వాటిని కడిగి ఆరబెట్టి, పిల్లల చేతికిచ్చి, నెగడి ముందున్న గరుకు ఇటుకల మీద ఒకవైపు అరగదీయమన్నారు. నల్లటి తోలు పోయి లోపలి తెల్లటి పప్పు కనిపించే దాకా రుద్దాలి. అరగంట పట్టింది, ఇంకా ఎక్కువే పట్టిందేమో. రుద్దిన గింజ వేడెక్కుతుందని, దాన్ని పక్కవాళ్ళ చేతికి తాకిస్తే చురుక్కుమంటుందని మామ్మే వాళ్ళకు చూపించింది. ఆ తరువాత గింజలు అరిగినా రుద్దడం ఆగలేదు. ఆటవస్తువును తామే తయారుచేసుకోవడమే అప్పటికి పెద్ద ఆట అయింది. కొన్న పెట్టెలో అన్నీ సిద్ధంగా అమర్చి ఇస్తే పిల్లలకు ఈ భాగం దొరకదని నాకు అప్పటి నుంచి గట్టి నమ్మకం.

ఒక పాత అట్టపెట్టె విప్పి, దాని మీద అత్తయ్య బొగ్గుముక్కతో అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, ఇరవై ఐదు గళ్ళు గీశారు. నాలుగు వైపులా మధ్యగడికీ, నట్టనడిమి గడికీ అడ్డగీతలు పెట్టారు. అష్టాచెమ్మా. నాలుగు గింజలు వేస్తే తెల్లవైపు ఎన్ని పైకి పడితే అన్ని గళ్ళు నడవాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది గళ్ళు. ఆ రెండిట్లో ఏది పడినా మరో పందెం. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. పాపకు గాజుముక్కలు, బాబుకు మక్కగింజలు, మావారికి చొక్కా బొత్తాలు, అత్తయ్యకు మిరియాలు. గీతలు పెట్టిన గడిలో ఉన్న కాయను ఎవరూ చంపడానికి వీల్లేదు. బయటి వరస చుట్టి వచ్చాక, ఎదుటివాళ్ళ కాయ నొకదాన్ని చంపినవాళ్ళకే లోపలి వరసలోకి దారి. చివరికి నడిమి గడికి చేరితే కాయ పండినట్టు. బాబు తన కాయ చచ్చినప్పుడల్లా ఏడుస్తుంటే, వాడు చంపకుండానే లోపలికి పోవచ్చని అత్తయ్య ఒక తీర్పు ఇచ్చారు. పాప ఒప్పుకోలేదు. "వాడికి ఐదేళ్ళు తల్లీ, చిన్నవాళ్ళకు ఆ వెసులుబాటు మా ఊళ్ళో ఉంది" అన్నారావిడ. నిజంగా ఉందో లేదో నేనడగలేదు. రెండు రోజులు తిరిగేసరికి బాబు వేళ్ళు మడవకుండా కూడికలు చేస్తున్నాడు. ఎనిమిది, మళ్ళీ ఎనిమిది, ఆ తరువాత మూడు పడితే ఎక్కడ ఆగుతాడో చూపుతోనే లెక్కపెట్టేసేవాడు.

కోడిగుడ్ల అట్టపెట్టెలో పన్నెండు గుంటలుంటాయి. వామనగుంటలకు పద్నాలుగు కావాలి. ఇంకో పెట్టె నుంచి రెండు గుంటలు కత్తిరించి చెరొక వైపూ అతికించుకున్నాం. చింతగింజలు చాలవు కాబట్టి గుంటకు ఐదేసి చొప్పున రాజ్మా గింజలు. పాపకు ఈ ఆట అన్నిటికంటే నచ్చింది. చేతిలోని గింజలను ఒక్కో గుంటలో ఒక్కోటి పంచుకుంటూ పోవడం, ఆఖరి గింజ తరువాతి గుంట ఖాళీగా ఉంటే దాన్ని వేలితో తుడిచి ఆ పక్క గుంటలోవి సొంతం చేసుకోవడం, ఇందులో అదృష్టం ఏమీ లేదు, అంతా ముందు చూపే. మామ్మ గుంటలను చూడకుండానే ఏ గుంటలో ఎన్ని ఉన్నాయో చెప్పేస్తుంటే పాప నోరు తెరుచుకుని చూసేది. చదువు లేదనుకున్న మామ్మకు అన్ని లెక్కలు తలలోనే ఉండటం దానికి పెద్ద ఆశ్చర్యం.

సోమవారం నుంచి మా హాలు మూడు ఇళ్ళ పిల్లలకు ఇల్లయింది. వెనక వీధిలో ఉండే వరంగల్ కుటుంబం ఇంట్లో నెగడి లేదు. ఎదురింటి అమెరికన్ దంపతులకు కట్టెలు అయిపోయాయి. వాళ్ళకు ఇద్దరు మగపిల్లలు. మొదటి రాత్రి పేర్లు తెలియవని బయటపడిన ఆ ఇళ్ళవాళ్ళు మా నేలమీద దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. ఎదురింటి పిల్లలకు తెలుగు రాదు, అత్తయ్యకు ఇంగ్లీషు రాదు. పులి మేక ఆటకు ఆ అవసరం రాలేదు. పాత క్యాలెండరు వెనక త్రికోణం, దాన్ని కోసే గీతలు గీసి, మూడు పులులుగా మూడు రాళ్ళు, పదిహేను మేకలుగా పదిహేను గింజలు పెట్టారు. పులి మేక మీదుగా దూకితే మేక పోతుంది. మేకలన్నీ కూడి పులికి కదిలే చోటు లేకుండా చేస్తే పులి ఓడుతుంది. మన పాత గుళ్ళ మండపాల్లో రాతి నేల మీద చెక్కి కనిపించే గీతలు ఇవే. పదేళ్ళ పెద్దబ్బాయి మొదట ప్రతిసారీ పులులనే కోరుకునేవాడు. మేకలతో ఆడి గెలవడం ఎంత కష్టమో, గెలిస్తే ఎంత గొప్పో అత్తయ్య ఒక్క మాటైనా లేకుండా, తానే మేకలు తీసుకుని వరసగా గెలిచి వాడికి చూపించారు. మర్నాటి నుంచి వాడు మేకలు తప్ప ముట్టుకోలేదు. వరంగల్ ఆవిడకు తెలిసిన అష్టాచెమ్మా పద్ధతులు కొన్ని వేరు. ఆవిడా అత్తయ్యా ఒక మధ్యాహ్నమంతా ఏది సరైనదో వాదించుకున్నారు. పిల్లలు ఆట మానేసి ఆ వాదనే విన్నారు.

ఆటలతోనే రోజంతా గడవలేదు. పనులు పంచడంలో అత్తయ్యకు ఎవరూ సాటి రారు. కట్టెలు మోసేవాళ్ళు ఇద్దరు. పాలసీసాలను డెక్ మీద మంచులో పూడ్చి, కావలసినప్పుడు తవ్వి తెచ్చేది ఇంకొకరు. సాయంత్రం ప్రమిదలు తుడిచి వత్తులు వేసేది పాప. దూదిని అరచేతుల మధ్య నలిపి వత్తి చేయడం దానికి రెండు పూటల్లో వచ్చింది. బాబుకు నిప్పుల దగ్గరకు పోకుండా దూరంగా కూర్చుని, బూడిదలో కప్పిన చిలగడదుంపలు ఎప్పుడు తీయాలో గుర్తుచేసే ఉద్యోగం. ఐదేళ్ళవాడికి ఆ ఉద్యోగం ఇచ్చినప్పుడు వాడి వెన్ను ఎంత నిటారుగా నిలిచిందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పిల్లలకు కాలక్షేపం కల్పించడం అంటే పెద్దవాళ్ళ పనుల నుంచి వాళ్ళను దూరంగా పెట్టి ఏదో ఒకటి చేతికివ్వడం అని నేననుకునేదాన్ని. ఆవిడ వాళ్ళను పనిలోకే లాగారు.

ఆ సోమవారం హాలోవీన్. పిల్లలు నెల రోజులుగా దాచుకున్న వేషాలు బీరువాలో ఉన్నాయి. వీధుల్లో తీగలు పడి ఉన్నందువల్ల చుట్టుపక్కల చాలా ఊళ్ళు ఇంటింటికీ తిరిగే వేడుకను వాయిదా వేశాయి. ఆ మాట తెలియగానే ఐదుగురు పిల్లలూ ముఖాలు వేలాడేశారు. అత్తయ్యకు విషయం వివరించి చెప్పాను. పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి తీపి తీసుకుంటారని. "పగటివేషాలే కదమ్మాయ్" అని ఆవిడ ముఖం విప్పారింది. ఆవిడ చిన్నతనంలో పగటివేషాలవాళ్ళు ఊళ్ళోకి వచ్చి, రోజుకొక వేషంతో ఇంటింటి ముందూ ఆడి పాడి, ఆఖరి రోజున సంభావన తీసుకునేవాళ్ళు. మా ఇంట్లోనే ఊరు కట్టారు. వంటిల్లు ఒక ఇల్లు, పడకగదులు మూడిళ్ళు, మేడమెట్ల కింది అర ఒక ఇల్లు, గరాజు ఊరి చివరి ఇల్లు. ఒక్కో తలుపు వెనక ఒక్కో పెద్దమనిషి కోటు తొడుక్కుని, దీపం పట్టుకుని నిలబడ్డారు. దీపావళికి చేసిన బెల్లం గవ్వలు, జంతికలు డబ్బాల్లో ఇంకా ఉన్నాయి. ఎదురింటివాళ్ళు తమ చాక్లెట్ల సంచీ తెచ్చారు.

అత్తయ్య ఒకే ఒక నియమం పెట్టారు. వేషం వేసుకున్నంత మాత్రాన ఏమీ ఇవ్వరు, ఆ వేషానికి తగ్గట్టు మాట్లాడాలి. ఏ భాషైనా సరే. అగ్నిమాపక వేషం వేసిన బాబు, తలుపు తీసిన ప్రతివాళ్ళకూ తాను ఏ ఇంటి మంట ఎలా ఆర్పాడో చెప్పుకుంటూ వెళ్ళాడు. మూడో తలుపుకు మంట మూడంతస్తులకు పెరిగింది, గరాజు చేరేసరికి అందులోంచి ఏనుగును కూడా బయటికి తెచ్చాడు. ఎదురింటి చిన్నబ్బాయి అస్థిపంజరం. సిగ్గరి. మాట పెగలక నిలబడిపోతే అత్తయ్య వాడికి ఎదురుగా తన ముసలి మోకాళ్ళు టకటకలాడించి చూపించారు. వాడు ఎముకలన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నట్టు ఒక నాట్యమే చేశాడు. మాటకు బదులు ఆటకు రెండు జంతికలు. అలా ఎన్నిసార్లు ఆ ఊరంతా తిరిగారో లెక్కలేదు. తరువాత వచ్చిన హాలోవీన్‌లు వీధిలోనే జరిగాయి. అయినా మా పిల్లలు ఏటా ఆ ఏటి సంగతే చెప్పుకునేవాళ్ళు.

సాయంత్రాలు తొందరగా వచ్చేవి. నవంబరు 6న గడియారాలను గంట వెనక్కు తిప్పాక, ఐదు కాకముందే చీకటి పడేది. ఆ వేళకు ఆటల ఊపు తగ్గి పిల్లలు చిరచిరలాడతారు. అప్పుడు పొడుపు కథలు. "అడవిలో పుట్టాను, నల్లగా మారాను. ఇంటికి వచ్చాను, ఎర్రగా మారాను. కుప్పలో పడ్డాను, తెల్లగా మారాను. ఎవరిని?" కళ్ళెదుట నెగడిలో బొగ్గు ఎర్రగా ఉంది, అంచున బూడిద తెల్లగా ఉంది, అయినా చాలాసేపటి దాకా ఎవరికీ తట్టలేదు. తట్టినప్పుడు పాప పెట్టిన కేకకు పడుకున్న వరంగల్‌వాళ్ళ పసిపిల్ల లేచింది. "తెల్లని పొలంలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు" అంటే కిటికీలోంచి కనిపించే మంచు పొలమే అని బాబు వాదన. కాగితమూ అక్షరాలూ అని చెప్పినా వాడు ఒప్పుకోలేదు. మంచు మీద వాలిన కాకులే విత్తనాలని వాడి పట్టు. ఆ జవాబు కూడా సరైనదేనని అత్తయ్య ఒప్పుకున్నారు. నాకైతే అదే మేలైనదనిపించింది.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది తోలుబొమ్మలాట. కాకినాడ దగ్గరి మాధవపట్నం బొమ్మలాటవాళ్ళ ఆటలను అత్తయ్య చిన్నప్పుడు తెల్లవార్లూ కూర్చుని చూశారు. రెండు కుర్చీల మధ్య తెల్ల దుప్పటి కట్టాం. పొద్దున పాలతో తినే సీరియల్ అట్టపెట్టెలతో బొమ్మలు కత్తిరిస్తే తెరమీద నల్లటి నీడే పడింది, రంగు కనిపించలేదు. అసలు తోలుబొమ్మల్లో వెలుతురు ఆ పల్చటి తోలులోంచి సాగి రంగులతో సహా తెర మీద పడుతుంది. అత్తయ్య కాసేపు ఆలోచించి, తెల్ల కాగితం మీద బొమ్మ గీయించి, పిల్లల చేత రంగులు వేయించి, దాని మీద కొబ్బరినూనె రాశారు. నూనె పట్టిన కాగితం దీపానికి అడ్డం పెడితే వెలుగు దాటుతుంది. వెనక నుంచి టార్చి వేయగానే తెరమీద ఎర్రటి హనుమంతుడు, పచ్చటి లంక. ఆ క్షణాన గదిలోని పెద్దలు కూడా అరిచారు. అట్టతో చేసిన కీళ్ళకు దారం ముడులు, పట్టుకోవడానికి ఐస్‌ఫ్రూట్ పుల్లలు. కథ మధ్యలో నవ్వించడానికి కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు రావాలని అత్తయ్య పట్టుబట్టారు. బంగారక్కకు పాప గొంతు, కేతిగాడికి ఎదురింటి పెద్దబ్బాయి గొంతు. ఒకరు తెలుగులో తిడితే ఒకరు ఇంగ్లీషులో బదులు చెప్పేవాళ్ళు. రోజూ సాయంత్రం అదే లంకాదహనం. ఏ రోజు ఆట ఆ రోజుదే. ఒకనాడు లంకకు బదులు కరెంటు స్తంభం కాలింది, హనుమంతుడు తోకతో తీగలు కలిపి ఊరికి వెలుగు తెచ్చాడు. ఆ మాటకు పెద్దలందరూ చప్పట్లు కొట్టారు.

పడుకోబోయే ముందు కథ. అందరూ నెగడికి కాళ్ళు పెట్టి వరసగా పడుకునేవాళ్ళు. కథ చెబుతుంటే ఊఁ కొట్టాలని మామ్మ నియమం. ఎదురింటి పిల్లలు కథ అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా ఊఁ కొట్టేవాళ్ళు. ఊఁలు ఐదు నుంచి మూడుకు, మూడు నుంచి ఒకటికి తగ్గేవి. ఆ ఒక్కటీ ఎప్పుడూ పాపదే. అది చిన్నగా తెలుగులో ప్రశ్నలు వేసేది. మామ్మా, నీకు భయం వేయలేదా, అప్పుడు నాన్న ఎంత ఉండేవాడు, మీ ఇంటి చెట్లు ఎన్ని పోయాయి అని. తనకు రాని మాట దగ్గర ఆగి, ఇంగ్లీషు మాటకు బదులు చేతులతో చూపించేది. మావారి చిన్నతనం గురించి మా పెళ్ళయిన పన్నెండేళ్ళలో నేను విననివి చాలా ఆ చీకట్లో, కూతురు అడిగిన ప్రశ్నల వల్ల విన్నాను.

ఇదంతా ప్రతి గంటా సంతోషంగా గడిచిందని చెప్పను. నాలుగో రోజుకు అందరికీ జలుబు. స్నానాలు లేవు. ఐదుగురు పిల్లలు ఒక గదిలో ఉంటే తగవులు తప్పవు. తగువు పడ్డ ఇద్దరినీ అత్తయ్య విడదీసేవారు కాదు, ఒకే పనికి ఇద్దరినీ కలిపి పంపేవారు. కట్టెల బుట్టకు రెండు చేతిపిడులు ఉంటాయి కదా. వాళ్ళు తిరిగి వచ్చేసరికి బుట్ట ఎవరు ఎక్కువ మోశారన్న కొత్త తగువు ఉండేది, పాతది పోయేది. రోజుకు కొత్త ఆట చొప్పున వెతికి పెట్టాలని నేను మొదట్లో కంగారుపడ్డాను. ఆ అవసరమే రాలేదు. ఉన్న నాలుగైదు ఆటలనే మళ్ళీ మళ్ళీ ఆడి, వాటిలో ఆరితేరి, పెద్దవాళ్ళను ఓడించే దాకా వెళ్ళారు. వాళ్ళతో పాటు నేలమీద బాసింపట్టు వేసుకుని, గెలవాలని నిజంగానే ఆడే పెద్దమనిషి ఒకరు ఉండటమే వాళ్ళను కట్టిపడేసింది.

కరెంటు ఒక మధ్యాహ్నం వచ్చింది. ఇంట్లో వేసి మరిచిపోయిన దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి, టీవీ తనంతట తాను మాట్లాడటం మొదలుపెట్టింది. పిల్లలు పరుగెత్తి చూశారు, చాలాసేపు చూశారు, అది సహజమే. ఆ సాయంత్రం వాళ్ళు లంకాదహనం ఆడలేదు. మర్నాడు బస్సు దిగగానే పాప తిన్నగా మామ్మ కుర్చీ దగ్గరకు వెళ్ళి గుడ్లపెట్టె ఆవిడ ఒళ్ళో పెట్టింది. అత్తయ్య నవంబరు చివర తిరిగి వెళ్ళిపోయే దాకా రోజూ ఒక ఆట జరిగింది.

2013 ఫిబ్రవరి 8, 9 తేదీల్లో మళ్ళీ పెద్ద మంచు తుపాను వచ్చింది. మా రాష్ట్రంలోని హామ్డెన్‌లో 40 అంగుళాలు పడింది. మా ఇంట్లో ఈసారి కరెంటు పోలేదు. శనివారం ఉదయం తలుపు తెరవడానికి కూడా వీల్లేనంత మంచు. నేను చెప్పకుండానే పిల్లలు అట్ట తీసి గీతలు దిద్దుకుని అష్టాచెమ్మాకు కూర్చున్నారు. పది నిమిషాలకు తగువు. బాబు ఎవరి కాయనూ చంపకుండా లోపలి వరసలోకి వెళ్ళిపోయాడు. మామ్మే అలా వెళ్ళొచ్చని చెప్పిందని వాడు, అది అప్పటి మాట అని పాప. తీర్పు కోసం అమలాపురానికి ఫోన్ చేశారు. అక్కడ రాత్రి ఎనిమిది కావస్తోంది. అత్తయ్య ఇద్దరి వాదనా పూర్తిగా విన్నారు.

"నీకిప్పుడు పాలపళ్ళు ఊడాయా నాన్నా?" అని అడిగారు.

"రెండు ఊడాయి మామ్మా."

"అయితే నువ్వు చిన్నవాడివి కావు. చంపి వెళ్ళాల్సిందే. ఆ కాయ వెనక్కు పెట్టెయ్యి. అక్క కాయలు ఏ గళ్ళలో ఉన్నాయో ఒక్కొక్కటీ చెప్పు, ఎలా చంపాలో నేను చెబుతాను."